భంగార్‌ల పాత గుండు దొరికింది, లోపలి మందు తీసి వాడుకోవచ్చా?

రాజూరా భంగార్ | శనివారం సాయంత్రం 5:40

అందరికి నమస్తే. మాది మహారాష్ట్రల చంద్రపూర్ (చాందా) జిల్లా రాజూరాల భంగార్ (పాత ఇనుము కొనే) దుకాణం, నాయిన కాలం నుంచి ఇదే పని. ఇయ్యాల పొద్దుగాల ఒక పిలగాడు సైకిల్ మీద రెండు సంచులు తెచ్చిండు. ఒకదాంట్ల నాగలి కర్రులు, పంపు బాడీ, కోసిన రాడ్డు ముక్కలు. రెండోదాని అడుగున మోచేతంత పొడుగు ఇనుప గుండు ఒకటి ఉన్నది. ఒళ్లంతా తుప్పు. మూతి కాడ ఇత్తడి మెరుస్తున్నది, కింది దిక్కు రాగి పట్టీ చుట్టి ఉన్నది. కాంటా మీద పెడుతుంటే మా దగ్గర పనిచేసే పెద్దమనిషి చెయ్యి పట్టుకొని ఆపిండు. "సేటూ, గిది బోలుది కాదు, లోపల సరుకున్నది" అన్నడు.

ఒక ఫోటో తీసుకొని, గుండును ఎత్తుకపోయి వెనక యాపచెట్టు కింద గోడకు ఆనిచ్చి పెట్టిన. బల్లార్షాల తెలిసినాయన ఒకరు ఫోన్ల చెప్తున్నడు, "మూతి విప్పి మందు తీస్త, ఇత్తడి రాగి నీకు, మందు నాకు, క్వారీ వాళ్లు కొంటరు" అని. ఎన్నేండ్లు మట్టిల పడున్నదో ఏమో, ఇంకా ఆ మందుకు జీవం ఉంటదా? తీసి వాడుకునే పద్ధతి నిజంగ ఉన్నదా? తెలిసినోళ్లు చెప్పున్రి.

భద్రావతి రిటైర్డ్ | సాయంత్రం 5:52

తమ్ముడూ, ముందు ఈ నాలుగు ముక్కలు చదివి ఆ పని చెయ్యి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

దుకాణంలో ఉన్న అందర్నీ బయటికి పంపు. గోడ అవతల ఇల్లుంటే వాళ్లనీ లేపు. వీధికి ఆ చివర దాకా వెళ్లి, అక్కణ్నుంచి 112కి ఫోన్ చెయ్యి. "ఫిరంగి గుండు, నిండుగా ఉందనిపిస్తోంది" అని అదే మాట చెప్పు. గుండును మళ్లీ ముట్టుకోకు. నీళ్లు పొయ్యకు, ఇసక కప్పకు, ఇంకా దూరం జరుపుదామని ఎత్తకు. పొద్దున ఒకసారి ఎత్తావు, అది చాలు.

ఫోటో పొద్దున్నే తీశానన్నావు కదా. దగ్గరికి వెళ్లకుండా ఆ ఫోటోనే పెద్దది చేసి చూడు. రాగి పట్టీ మీద ఏటవాలుగా గాడి గీతలు ఉన్నాయా, నున్నగా ఉందా?

రాజూరా భంగార్ | సాయంత్రం 6:15

అందరం బయటికొచ్చినం. 112కి చేసిన, బండి వస్తుందన్నరు. ఇద్దరు అద్దెకున్నోళ్లను కూడా లేపిన. ఫోటోల చూస్తున్న సార్. పట్టీ మీద గీతలున్నయ్. వంకరగ, ఒకే తీరుగ, పట్టీ చుట్టూత ఉన్నయ్.

భద్రావతి రిటైర్డ్ | సాయంత్రం 6:21

అలాగైతే అది సైన్యం డిపోలోంచి పడిపోయిన కొత్త గుండు కాదు. ఫిరంగి గొట్టం లోపల మరచుట్టులా గాడులుంటాయి. గుండు పేల్చినప్పుడు మెత్తటి రాగి ఆ గాడుల్లో ఇరుక్కుని తిరుగుతూ బయటికి వస్తుంది. ఆ గీతలు అలా పడినవే. అంటే దాన్ని ఎప్పుడో ఎక్కడో పేల్చారు, అది వెళ్లి నేలలో దిగబడింది, పేలలేదు.

ఈ తేడా అందరికీ తెలియాలి కాబట్టి రాస్తున్నాను. గుండును పేల్చే పరికరం మూతిలో ఉంటుంది, దాన్నే ఫ్యూజు అంటాం. పేల్చని గుండులో ఆ ఫ్యూజుకు తాళం వేసి ఉంటుంది. గొట్టంలో ఆ ఊపుకి, ఆ తిరుగుడుకి తాళం ఊడిపోతుంది. పేల్చినా పేలని గుండు అంటే తాళం ఊడి, ఆఖరి మెట్టు మీద ఆగిపోయిన గుండు. ఎందుకు ఆగిందో మనకు తెలీదు. మళ్లీ ఎప్పుడు కదులుతుందో కూడా తెలీదు. సైకిల్ మీద ఆ పిల్లాడు గుంతల రోడ్డులో తెచ్చాడంటే నాకు ఒళ్లు జలదరిస్తోంది.

బల్లార్షా కుర్రోడు | రాత్రి 7:05

సార్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్న. వీడియోలల్ల చూసిన, టీఎన్‌టీని సుత్తితో కొట్టినా పేలదు, నిప్పు పెట్టినా ఊరికె కాలుతది. డిటొనేటర్ ఉంటేనే పేలుతదని పుస్తకాలల్ల కూడా ఉంటది. అట్లాంటప్పుడు మూతి జాగ్రత్తగ విప్పి మందు వేరు చేస్తే ప్రమాదం ఎక్కడ? ఫ్యాక్టరీల చేస్తున్నరు కదా? ఇంత మంచి సరుకు వట్టిగ పేల్చి గాలిల కలిపేసుడెందుకు?

భద్రావతి రిటైర్డ్ | రాత్రి 7:48

మంచి ప్రశ్నే బాబూ, అడిగినందుకు తప్పు పట్టను. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే అడిగాను.

నువ్వు చెప్పేది శుభ్రమైన, కొత్త, విడి టీఎన్‌టీ గురించి. గుండు అంటే విడి టీఎన్‌టీ కాదు. మూతిలో ఫ్యూజు, అందులో చిటికెడు కన్నా తక్కువ పరిమాణంలో చాలా చురుకైన మందు, దాని కింద దాని దెబ్బను పెంచే ఇంకో మందు, ఆ కింద అసలు మందు. ఒకదాన్నొకటి లేపడానికే ఆ వరస. నువ్వు "జాగ్రత్తగా విప్పుతా" అంటున్న మూతిలోనే అదంతా ఉంది. పైగా ఏ గుండులో ఏం నింపారో బయటికి తెలీదు. పైన రంగు, అక్షరాలు చూసి చెప్పాలి. తుప్పు ఆ రెంటినీ తినేసింది.

నేను మందు నింపే ఫ్యాక్టరీలో 31 ఏళ్లు పనిచేశాను. పేరు చెప్పను, అవసరం లేదు. లోపలికి వెళ్లేముందు జేబులు ఖాళీ చేయించేవారు. అగ్గిపెట్టె, తాళంచెవి, చిల్లర, ఏదీ ఉండకూడదు. నూలు బట్టలే. ఒంట్లో పుట్టే కరెంటు నేలలోకి పోయేలాంటి బూట్లు. గుమ్మం దగ్గర రాగి రేకు మీద అరచెయ్యి ఆనించి, ఆ తర్వాతే లోపల అడుగు. ఒక గదిలో ఎంతమంది ఉండాలో, ఎన్ని కిలోల మందు ఉండాలో తలుపు మీద బోర్డు రాసి ఉండేది. ఆ లెక్కకి ఒక్క మనిషి ఎక్కువైనా సూపర్‌వైజరు బయటికి పంపేవాడు. ప్రతి షెడ్డు చుట్టూ మట్టికట్ట. ఒక షెడ్డు పోయినా పక్కది మిగలాలని.

విప్పే పనైతే అసలు మనిషి దగ్గరే ఉండడు. కాంక్రీటు గోడ అవతల యంత్రం విప్పుతుంది, ఇవతల మనిషి తెర మీద చూస్తాడు. అదీ ఏ కార్ఖానాలో, ఏ ఏడాది, ఏ లాట్‌లో నింపారో కాగితాలున్న పేల్చని గుండ్లకు మాత్రమే. నేలలో దొరికిన గుండును మేం ఫ్యాక్టరీ గేటు లోపలికే రానిచ్చేవాళ్లం కాదు. దాన్ని ఉన్నచోటే, లేదా వీలైనంత దగ్గర్లో పేల్చేయడమే పద్ధతి. విప్పే విధానం ఇంతకన్నా రాయను. ఎవరూ వ్యక్తిగతంగా కూడా అడగొద్దు.

ఇంత కట్టుదిట్టంలో కూడా నా పక్క బల్ల మీద పనిచేసే స్నేహితుడికి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. గోరంత మందు. తిరిగి డ్యూటీకి వచ్చాక ఎడంచేత్తో సంతకం నేర్చుకున్నాడు. మొదటి నెల జీతం పట్టీలో ఆ సంతకం చూసి క్యాషియరు సరిపోలలేదని ఆపేశాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

జయపురం కెమిస్ట్రీ | రాత్రి 8:30

నేను కోరాపుట్ జిల్లాలో కాలేజీలో పాఠాలు చెప్తాను. "పాతబడితే చచ్చిపోతుందా" అన్న మొదటి ప్రశ్నకి జవాబు చెప్తాను. ఆహారం పాతబడితే పనికిరాదు, మందు బిళ్లలు పాతబడితే పనిచేయవు. ఆ అలవాటుతోనే పేలుడు మందునీ చూస్తాం. ఇక్కడ చాలాసార్లు ఉల్టా జరుగుతుంది.

గుండును గొట్టంలోంచి తోసే మందు ఉంటుంది, నైట్రోసెల్యులోజ్ నుంచి చేసేది. అది పుట్టిన రోజు నుంచే మెల్లగా విరుగుతూ ఉంటుంది. విరిగినప్పుడు వచ్చే ఆమ్ల వాయువులు దాన్నే ఇంకా వేగంగా విరగ్గొడతాయి. అందుకని ఆ వాయువుల్ని పీల్చుకోవడానికి డైఫినైల్‌అమీన్ లాంటి పదార్థం కొంచెం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది అయిపోతుంది. అయిపోయాక లోపల వేడి పెరిగి, ఎవరూ ముట్టకుండానే అంటుకోగలదు. ఫ్రెంచి నౌకాదళం దీన్ని చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1907 మార్చిలో తూలోన్ రేవులో ఇయేనా అనే యుద్ధనౌక వందమందికి పైగా మనుషులతో పేలిపోయింది. 1911 సెప్టెంబరులో అదే రేవులో లిబెర్తే అనే మరో నౌకలో సుమారు 300 మంది పోయారు. రెండిటికీ మూలం చెడిపోయిన తోపుడు మందే. ఈరోజు డిపోల్లో ఏళ్ల వారీగా నమూనాలు తీసి పరీక్షించేది ఇందుకే.

ఇక టీఎన్‌టీ. 1863లో విల్‌బ్రాండ్ అనే జర్మన్ రసాయనికుడు దీన్ని చేసింది పసుపు రంగు అద్దకం కోసం. పేలుతుందని చాలాకాలం ఎవరికీ పట్టలేదు, అంత నెమ్మదైన పదార్థం. అయితే అందులో మలినాలు మిగిలితే, ఎండకి నూనెలాంటి ద్రవం ఊరి బయటికి కారుతుంది. మూత మరల సందుల్లోకి చేరుతుంది. ఆ మరను తిప్పితే ఆ సందులో రాపిడి పుడుతుంది. చాందాలో మే నెల ఎండ ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకా పాత రకం గుండ్లలో పిక్రిక్ ఆమ్లం నింపేవారు. అది లోహాన్ని తిని లవణాలు చేస్తుంది. ఆ లవణాలు అసలు మందు కన్నా చాలా సున్నితం. అంటే గుండు నేలలో నిద్రపోవడం లేదు, లోపల కొత్త పదార్థాలు తయారవుతున్నాయి. తుప్పు పట్టింది కదా, బలహీనపడిందనుకోవద్దు.

వార్ధా డ్రైవరు | రాత్రి 9:10

సార్ కారడం అన్నది చదివి రాస్తున్నా. 2016 మే 30 అర్ధరాత్రి దాటాక నేను పుల్‌గావ్ దగ్గర ఢాబాలో లారీ కింద చాప వేసుకుని పడుకున్నా. ముందు శబ్దం రాలేదు, ముందు ఆకాశం ఎర్రబడింది. తరవాత లారీ తలుపు దానంతట అదే ఊగింది. ఢాబావాడి గాజు అలమారా పగిలి బజ్జీల మీద పడింది. ఊళ్లోంచి జనం పిల్లల్ని చంకనేసుకుని చెప్పుల్లేకుండా హైవే మీదికి వచ్చేశారు.

అది సైన్యం మందుగుండు డిపో. 19 మంది చనిపోయారు, ఇద్దరు ఆఫీసర్లు, మిగతావాళ్లలో ఎక్కువమంది మంట ఆర్పడానికి ఎదురెళ్లినవాళ్లు. ట్యాంకుల్ని ఆపే మైన్లలోంచి టీఎన్‌టీ కారడమే కారణమని తరవాత పేపర్లలో వచ్చింది. కాపలా, రికార్డు, చదువుకున్న మనుషులు అన్నీ ఉన్నచోట పరిస్థితి అది.

రెండేళ్లకి, 2018 నవంబరు 20 పొద్దున, అదే పుల్‌గావ్ పక్క సోనేగావ్ దగ్గర ఇంకోటి. జబల్‌పూర్ ఖమరియా ఫ్యాక్టరీ నుంచి కాలం చెల్లిన సరుకు తెచ్చి గుంతల్లో పెట్టి పేల్చేస్తారక్కడ. పెట్టెలు దించుతుండగానే లేచింది. ఆరుగురు పోయారు. ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల రోజుకూలీలు. ఆ రూట్లో టీ తాగే చోట ఒకామె ఉండేది, ఆమె మరిది ఆ పనికి వెళ్లేవాడు. పేల్చాక చల్లబడిన ముక్కలు ఏరుకుంటే ఇనుముకి, రాగికి డబ్బులొస్తాయని ఊరంతా అటే చూసేదని ఆమే చెప్పింది.

అందుకే అడుగుతున్నా రాజూరా అన్నా, ఆ పిల్లాడికి గుండు ఎక్కడ దొరికింది?

రాజూరా భంగార్ | రాత్రి 9:34

పోలీసులు వచ్చిన్రు. వీధికి రెండు దిక్కుల తాడు కట్టిన్రు. బాంబు దళం వాళ్లు పొద్దుగాల వస్తరట. మేమంతా మా మామ ఇంట్ల ఉన్నం.

పిలగాన్ని అడిగిన. వార్ధా దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్ద లాట్ బల్లార్షాల దిగిందట, అండ్ల నుంచి విడిగ కొన్నడట. పధ్నాలుగేండ్ల పోరడు. బడికి పోతలేడు.

ఘుగ్గుస్ షాట్‌ఫైరరు | రాత్రి 10:02

నేను ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో పేల్చే పని చేస్తా, సర్టిఫికెట్ ఉంది. "క్వారీ వాళ్లు కొంటరు" అన్న మాట చదివి నిద్ర పట్టలేదు.

మా దగ్గరొక నియమం ఉంది, మొదటి రోజు నేర్పేదే అది. ఒక రంధ్రంలో మందు పేలకుండా మిగిలితే, అందులోంచి మందు బయటికి తీయకూడదు. గెలకకూడదు, గీకకూడదు, లాగకూడదు. కొంచెంసేపు ఆగి, పక్కన దూరం కొలిచి వేరే రంధ్రం వేసి, దాంతో లేపాలి. మా మందు నిన్ననే ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, ఏ నంబరు తూటా ఏ రంధ్రంలో ఉందో పుస్తకంలో ఉంటుంది. అయినా పేలకపోతే తీయం. అలాంటిది ఎప్పటిదో తెలీని గుండులోంచి తీస్తానని ఎవరైనా అంటే, వాడికి పని తెలీదని అర్థం.

క్వారీలో వాడకం సంగతి. సైన్యం పాత మందును గనుల్లో వాడటం ప్రపంచంలో లేదనను. టీఎన్‌టీ తీసి, పరీక్షించి, గని మందును లేపే బూస్టర్లలో కలిపే లైసెన్సు కంపెనీలు బయటి దేశాల్లో ఉన్నాయి. కానీ అది ఫ్యాక్టరీ నుంచి ఫ్యాక్టరీకి వెళ్లే సరుకు. లేబుల్ లేని పొడి ఏ క్వారీ మేగజీన్‌లోకీ (మందు దాచే గదిలోకీ) రాకూడదు. ప్రతి పెట్టెకీ లెక్క ఉంది, అది చూసే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆఫీసు నాగ్‌పూర్‌లోనే ఉంది.

భూగర్భ గనిలో అయితే సంగతి ఇంకా గట్టిది. అక్కడ మీథేన్ ఉంటుంది కాబట్టి మంట తక్కువ వచ్చేలా తయారుచేసి ఆమోదం పొందిన రకాలే వాడాలి. గుండ్ల మందు మంట ఆ గాలికి తగిలితే షిఫ్టు మొత్తం పోతుంది.

డబ్బు కోణంలో చూసినా లాభం లేదు. ఇప్పుడు మా దగ్గర ట్యాంకరు వచ్చి ఎమల్షన్ అనే మందును పైపుతో రంధ్రంలోకి పోస్తుంది, రంధ్రంలోకి వెళ్లాకే అది పేలే గుణానికి వస్తుంది. రోడ్డు మీద ఉన్నంతసేపూ దాదాపు గ్రీజు లాంటిది. ఇంత చవకైన, ఇంత నెమ్మదైన సరుకు ఉండగా దొంగ పొడి కొనేవాడు ఒకే రకం మనిషి. లెక్కలో కనపడకుండా పేల్చాలనుకునేవాడు. నీ స్నేహితుడు ఎవరికి అమ్ముతున్నాడో ఆలోచించుకో.

జయపురం కెమిస్ట్రీ | రాత్రి 10:40

ఆఖరి మాటకి ఒక సంగతి కలుపుతాను. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో మిగిలిన మందును పైరోటాల్ అనే పేరుతో చవగ్గా రైతులకి ఇచ్చారు, చెట్ల మొదళ్లు లేపుకోవడానికి. ఉద్దేశం మంచిదే. 1927 మే 18న మిషిగన్ రాష్ట్రంలో బాత్ అనే పల్లెలో ఒకడు అదే మందును నెలల తరబడి స్కూలు నేలమాళిగలో పేర్చి పేల్చాడు. 38 మంది పిల్లలు చనిపోయారు. మరుసటి ఏడాదికి పైరోటాల్ పంపిణీ ఆగిపోయింది.

తిరిగి వాడటం గురించి బల్లార్షా తమ్ముడు అడిగింది న్యాయమైనదే. బయట గుంతలో పేల్చేస్తే పొగ, సీసం, మందు తునకలు నేలలోకి పోతాయి. ఫ్యాక్టరీలో కడిగితే ఆ నీళ్లు ఎండకి గులాబీ రంగుకి తిరుగుతాయి, బొగ్గు వడపోత లేకుండా వదిలితే చేపలు చస్తాయి. కాబట్టి వృథా కాకుండా చెయ్యాలన్న ఆశ అందరికీ ఉంటుంది. ఆ ఆశ మీద వ్యాపారం చేసినవాళ్ల కథలు రెండు చెప్తాను.

అమెరికాలో లూసియానాలో క్యాంప్ మిండెన్ అని ఒకచోట, సైన్యం ఫిరంగి మందును విడదీసి గనులకీ మరొకరికీ అమ్ముతామని ఒక కాంట్రాక్టరు తీసుకున్నాడు. అమ్ముడుపోలేదు. సుమారు 7,000 టన్నులు పెట్టెల్లో, డబ్బాల్లో, కొంత ఆరుబయట కూడా పేరుకుపోయింది. 2012 అక్టోబరులో ఒక గిడ్డంగి పేలాకే అధికారులు వచ్చి చూశారు. మొత్తాన్ని బయట తగలబెడతామంటే ఊళ్లవాళ్లు పోరాడారు, చివరికి మూసిన కొలిమి తెప్పించి కాల్చారు.

రెండోది అల్బేనియా. తిరానా దగ్గర గెర్దెచ్ అనే పల్లె. 2008 మార్చి 15. పాత గుండ్లు, తూటాలు విడదీసి ఇత్తడి అమ్ముకునే పని. విడదీసింది యంత్రాలు కాదు, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, కుర్రాళ్లు, చేత్తో. 26 మంది చనిపోయారు, మూడొందల మంది దాకా గాయపడ్డారు, వందల ఇళ్లు కూలాయి. ఇత్తడి కోసమే. భంగార్ అన్నా, మీ పోస్టులో "ఇత్తడి రాగి నీకు" అన్న మాట చదవగానే నాకు గెర్దెచ్ గుర్తొచ్చింది.

బల్లార్షా కుర్రోడు | రాత్రి 10:58

చదివిన. ఇంక అడగను సార్. ఆ లాట్ దిగిన గోదాం మా గల్లీకి రెండు గల్లీల అవతలనే ఉన్నది అనుకుంట.

సిరొంచ వకీలు | రాత్రి 11:20

అందరూ ప్రమాదం గురించి చెప్పిన్రు, నేను భయం గురించి చెప్త. మన జిల్లాలల్ల మనుషులు ఇసొంటివి దొరికితే పోలీసులకు చెప్పరు. ఎందుకంటే, నీ దగ్గరికి ఎట్ల వచ్చింది, ఎవలిచ్చిన్రు, ఎవలకు ఇస్తున్నవ్ అని అడుగుతరు. గడ్చిరోలిల ఆ ప్రశ్నకు ఎంత బరువుంటదో అందరికి తెలుసు. 2019 మే 1న జాంబుల్‌ఖేడా కాడ మావోయిస్టుల మందుపాతరల 15 మంది పోలీసులు, వాళ్ల డ్రైవరు పోయినంక అడవి అంచున ఇనుప డబ్బా దొరికినా మనిషి వణుకుతడు. వణికి ఏం చేస్తడు? బాయిలేస్తడు, వాగులేస్తడు. మల్ల ఎవలో పిలగాడు తీస్తడు.

చట్టం ఏమంటది. 1908 పేలుడు పదార్థాల చట్టం, 1959 ఆయుధాల చట్టం రెండూ దగ్గర ఉంచుకున్నోని మీద గట్టిగనే ఉన్నయ్. మందు విప్పి తీసుడు, అమ్ముడు అయితే 1884 చట్టం, 2008 నియమాలు కూడ పడ్తయ్. దొరికిన వెంటనే చెప్పినోడు వేరు, దాచి అమ్మజూసినోడు వేరు. ఆ తేడా కాగితం మీద కనపడాలె. అందుకే 112కి చేసిన టైము రాసిపెట్టుకోన్రి. ఫోన్ల కాల్ రికార్డు తీసెయ్యకున్రి. స్టేషన్ డైరీల ఎక్కించిన్రా అని అడగున్రి, నంబరు తీసుకోన్రి. పిలగాన్ని ఒక్కన్ని స్టేషన్‌కు పంపకున్రి. మైనరు కాబట్టి తల్లో తండ్రో పక్కన ఉండాలె. ఎవలు లేకపోతే నాకు ఈడనే మెసేజ్ పెట్టున్రి, రాజూరాల తెలిసిన వకీళ్లు ఉన్నరు, పైసలు అడగరు.

బయటి దేశం తుక్కు గురించి కూడ ఒక ముచ్చట. 2004 సెప్టెంబరు 30న గాజియాబాద్ దగ్గర ఉక్కు కార్ఖానల దిగుమతి తుక్కుల ఉన్న గుండు పేలి పదిమంది కూలీలు చచ్చిపోయిన్రు. అటెన్క దేశమంతా రేవులల్ల, యార్డులల్ల వెతికితే గుట్టలు గుట్టలు దొరికినయ్. అప్పటి నుంచే ముక్కలు చెయ్యని తుక్కుకు బయలుదేరే ముందే తనిఖీ సర్టిఫికెట్ ఉండాలన్న నియమం గట్టిగైంది. పెద్ద రేవుల జల్లెడ ఉన్నది. సైకిల్ మీద వచ్చే సంచికి జల్లెడ లేదు.

బరంపురం టీచరమ్మ | ఆదివారం ఉదయం 6:10

రాత్రంతా చదివీసాను. మాది గంజాం జిల్లా, గోపాలపూర్ పక్క. ఇక్కడ సైన్యం వాళ్ల విమాన విధ్వంసక ఫిరంగుల కాలేజీ ఉంది, సముద్రం మీదికి ఫైరింగు చేస్తారు. ఫైరింగు రోజుల్లో పడవలు వెయ్యొద్దని ముందే చెప్తారు. మా బడిలో సగం మంది తెలుగు జాలరి పిల్లలే. నాన్నలు వేటకెళ్లని రోజు వాళ్లకి టిఫిను డబ్బాలో తేడా తెలుస్తుంది. ఆ రోజే ఇసకలో ఇనుప ముక్కలు ఏరడానికి వెళ్తారు. బరువు తక్కువ, దుకాణం దగ్గర, చేతికి అప్పుడే డబ్బు.

మూడో తరగతి పిల్లోడు ఒకడు ఓ రోజు నా బల్ల మీద తోక రెక్కలున్న ఒక వస్తువు పెట్టీసేడు. "టీచర్, పువ్వులా ఉంది, మీకు తెచ్చేను" అన్నాడు. నేను ఆ క్షణంలో అరవలేదు. అరిస్తే భయపడి పడేస్తాడు. "అలాగే ఉండనీ, మనమందరం ముందు బయటికెళ్లి లైను కడదాం" అన్నాను. నలభై మందిని చింతచెట్టు అవతలికి నడిపించేసరికి నా చీర వెనక తడిసిపోయింది. కబురు పెడితే వచ్చినాయన చూసి, అది ఖాళీదే, తోక ముక్కే అన్నాడు. అయినా ఆ రోజు నుంచి ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక మూడు మాటలు పిల్లలచేత చెప్పిస్తాను. "ముట్టను. గుర్తు పెట్టుకుంటాను. పెద్దోళ్లకి చెప్తాను." రాయి విసరడం కూడా ముట్టడమే అని విడిగా చెప్పాలి, మగపిల్లలు అక్కడే తప్పు చేస్తారు.

రాజూరా తమ్ముడూ, ఒక్కటి అడుగుతాను. ఆ అబ్బాయికి ఆ గుండు తూకం డబ్బులు ఇచ్చేవా? ఇవ్వకపోతే రేపు ఇంకోటి దొరికితే నీకు చూపించడు, మూతి విప్పుతానన్న ఆ మనిషికే పట్టుకెళ్తాడు.

భద్రావతి రిటైర్డ్ | ఆదివారం ఉదయం 6:45

టీచరమ్మ గారు చెప్పింది నా 31 ఏళ్లలో మాకెవరూ చెప్పలేదు. మేం లోపలి మనుషుల్నే కాపాడుకున్నాం.

ఒక విషయం. గుండు లోపలి పసుపు పొడి చేతికి తగిలినా విషమే. మొదటి యుద్ధంలో ఇంగ్లాండులో నింపే పనికెళ్లిన ఆడపిల్లల చర్మం పచ్చబడిపోయి, జనం వాళ్లని కానరీ పిట్టలని పిలిచేవారు. చాలామందికి కాలేయం దెబ్బతిని కామెర్లొచ్చాయి, చనిపోయినవాళ్లూ ఉన్నారు. "పేలలేదు కదా" అని చేత్తో తోడేవాడికి ఇది కూడా తెలియాలి.

రాజూరా తమ్ముడూ, ఆ లాట్‌లో మిగతా సంచులు ఎక్కడున్నాయి? పోలీసులకి చెప్పావా? ఒక గుండు ఉన్న లాట్‌లో ఒకటే ఉండదు.

రాజూరా భంగార్ | ఆదివారం మధ్యాహ్నం 3:25

పొద్దుగాల పది గంటలకు బాంబు దళం వచ్చింది. మొత్తం వీధి ఖాళీ చేయించిన్రు. వాళ్లు ఎట్ల లేపిన్రో మమ్ముల చూడనియ్యలేదు. ఇసుక నింపిన బండ్ల పెట్టుకొని ఊరవతల పాత రాళ్ల గుంతకు తీస్కపోయిన్రు. ఒంటి గంటకు సప్పుడైంది. నేను రెండు కిలోమీటర్ల దూరంల ఉన్న. మామ ఇంటి రేకులు గలగల అన్నయ్. మా పెద్దమనిషి తలకాయ మీది టోపీ తీసి చేతుల పట్టుకున్నడు, ఏం మాట్లాడలేదు. ఎంబటే కూసున్నడు. ఆయనే ఆపకపోతే నేను దాన్ని కాంటా మీద ధన్‌మని దించెటోన్ని.

దళం సార్ ఒక మాట చెప్పిండు. లోపల మందు నిండుగ ఉన్నదట, జీవమున్నదట.

టీచరమ్మా, పిలగానికి తూకం పైసలిచ్చిన, ఇనుప రేటు కాదు, ఇత్తడి రేటుకే ఇచ్చిన. వాళ్లమ్మ వచ్చింది స్టేషన్‌కు, వకీలు సార్ పంపినాయన పక్కన ఉన్నడు, ఒక గంటల ఇంటికి పంపిన్రు. దుకాణం గోడ మీద పెయింటర్‌తోని రాపిస్తున్న: గుండు, రెక్కలది, గొట్టమసొంటిది కనిపిస్తే తేవద్దు, జాగ చెప్తే వంద రూపాయలు ఇస్తం అని. తెలుగుల, మరాఠీల. పోరనికి చదువొచ్చేది రెండో తరగతి దాకే, అందుకే బొమ్మ గూడ గీయిస్తున్న.

రిటైర్డ్ సార్, లాట్ గురించి రాత్రే చెప్పిన. బల్లార్షాకు బండి పోయింది.

బల్లార్షా కుర్రోడు | ఆదివారం సాయంత్రం 6:50

మా గల్లీలు కూడా ఖాళీ చేయించిన్రు. ఇప్పుడే లోపలికి పంపుతున్నరు. గోదాంల ఇంకో రెండు దొరికినయ్. ఒకటి సంచిల ఉన్నది. రెండోదాన్ని ఆ గోదాం ఆయన అప్పటికే వైస్‌ల బిగిచ్చి పెట్టిండు. మూతి కింద ఆక్సా బ్లేడు గీత అరంగుళం లోతున పడున్నదని లోపలికి పోయిన కానిస్టేబుల్ చెప్పిండు. బ్లేడు అండ్లనే ఇరికి ఉన్నదట. శనివారం సాయంత్రం కరెంటు పోయిందని పని ఆపి ఇంటికి పోయిండట.